పడుగుతో ఆగిపోయిన చికిత్స
(మన సంఘము మహిళా సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలలో మాతృభాషా పాఠశాలలను గూర్చియో, పిల్లల ఉపకార వేతనములను గూర్చియో మాటలాడుట మనకు పరిపాటి. నేడు మేము తీసికొన్న విషయము వేరు. స్త్రీల గర్భాశయ ముఖద్వారమునకు వచ్చు క్యాన్సరును గూర్చియు, ఆ రోగమునకు శరీరము లోపలనుండి చేయు కిరణ చికిత్సను గూర్చియు నాలుగు మాటలు విన్నవింప దలచితిమి. నూలు వ్యాపారము చేసికొను మగవాడు నిండు సభలో ఇట్టి సంగతి ఎత్తుట ఏమని కొందరు పెద్దలకు తోపవచ్చును. మేము వైద్యులము కాము. మా చదువు మెట్రిక్యులేషనుతో ముగిసినది. కాని సంఘపు పని మీద కొన్ని ఏండ్లుగా మన కుటుంబములతో కూడ షోలాపూరునుండి ముంబయికి సిద్ధేశ్వర ఎక్స్‌ప్రెస్సులో రాత్రి ప్రయాణములు చేసి, ఆసుపత్రి వరండాలలో కూర్చుండి, వైద్యుల మాటను మన స్త్రీలకును, మన స్త్రీల మాటను వైద్యులకును అందించుచు వచ్చితిమి. ఆ రాకపోకలలో తెలిసికొన్నది ఇచట చెప్పకున్న మరెచట చెప్పుదుము?

మన పెద్దలు రాచపుండు అనిన జబ్బునే నేడు క్యాన్సరు అనుచున్నారు. భారతదేశమున స్త్రీలకు వచ్చు క్యాన్సరులలో రొమ్ము క్యాన్సరు మొదటిది, ఈ గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రెండవది. 2022 సంవత్సరపు అంతర్జాతీయ అంచనా ప్రకారము ఆ ఒక్క ఏటనే మన దేశమున సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఇది కొత్తగా వచ్చినది. సుమారు 80,000 మంది దీనితో మరణించిరి. ఇది పాపఫలము కాదు, నడవడికి సంబంధించిన నింద కాదు. పాపిలోమా అను వైరసు దీనికి కారణము. ఆ సంగతి కనిపెట్టిన జర్మను శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌజెను గారికి 2008లో నోబెలు బహుమానము వచ్చినది. ఈ వైరసు లోకములో అతి సామాన్యము. పెండ్లి చేసికొని కాపురము చేయు స్త్రీలలో చాలమందికి ఎప్పుడో ఒకప్పుడు సోకి, తనంతట తానే పోవును. పోక ఏండ్ల తరబడి నిలిచిన కొందరిలో మాత్రము క్యాన్సరు పుట్టును. కావున ఈ రోగము వచ్చిన ఆడుబిడ్డను వేలెత్తి చూపువారు తమ అజ్ఞానమునే చూపించుకొనుచున్నారు.

ముందుగా పరీక్ష చేయించుకొన్నచో ఈ రోగమును మొలకలోనే తుంచవచ్చును. దీనికి దూర దేశపు సాక్ష్యము అక్కరలేదు. మన పొరుగు జిల్లా ఉస్మానాబాదులో, అనగా 2023 నుండి ధారాశివ్ అని పిలువబడుచున్న జిల్లాలో, మన షోలాపూరు జిల్లా బార్శీలోని నర్గీస్ దత్ స్మారక క్యాన్సరు ఆసుపత్రి వారును, ముంబయి టాటా స్మారక కేంద్రము వారును, అంతర్జాతీయ సంస్థవారును కలిసి 1,31,746 మంది స్త్రీలతో గొప్ప పరిశోధన నడిపిరి. వైరసు పరీక్ష జీవితములో ఒక్కసారి చేసిన గ్రామములలో ఈ రోగపు మరణములు సుమారు సగమునకు తగ్గెనని 2009లో ప్రకటించిరి. ప్రపంచమంతయు ఉదాహరించు పరిశోధన మన ఇంటి వాకిట జరిగినది. మన బీడీ కార్ఖానాల స్త్రీలలో దాని పేరు విన్నవారు ఎందరు? పరీక్షలను గూర్చియు, బాలికల టీకాను గూర్చియు వేరుగా ఒక సభ పెట్టవలసి యున్నది. నేడు రోగము వచ్చిన పిమ్మటి సంగతికే వచ్చెదము.

పుండు చిన్నదిగా నున్నప్పుడు శస్త్రచికిత్స చాలును. నాలుగు సెంటీమీటర్లను మించి పెరిగినను, పక్క భాగములకు పాకినను కత్తి పనికిరాదు. అప్పుడు కిరణ చికిత్స, దానితోపాటు వారమునకొకసారి సిస్‌ప్లాటిన్ అను మందు. మన స్త్రీలలో అనేకులు ఈ స్థితికి వచ్చిన తరువాతనే వైద్యుని గడప ఎక్కుచున్నారు. తెల్లబట్ట వాసన వేసినను, ముట్లుడిగిన తరువాత రక్తము కనబడినను, కలయిక పిదప రక్తము వచ్చినను, ఎవరితో చెప్పుకొందుమని నెలలు గడపుచున్నారు.

ఈ కిరణ చికిత్సలో రెండు భాగములు కలవు. మొదటిది బయటినుండి చేయునది. వారమునకు ఐదు దినముల చొప్పున సుమారు ఐదు వారములు, దినమునకు కొన్ని నిమిషములు, యంత్రము క్రింద పరుండవలెను. రెండవది లోపలి చికిత్స, బ్రాకీథెరపీ అందురు. బ్రాకీ అనగా గ్రీకు భాషలో కురచ అని అర్థము. ఇచట కూర్చున్నవారిలో నేత నేయని ఇల్లు తక్కువ గనుక మనకు తెలిసిన మాటలలో చెప్పెదము: బయటి చికిత్స పడుగు, లోపలి చికిత్స పేక. పడుగు ఎంత చక్కగా తీసినను పేక పడనిదే గుడ్డ కాదు.

ఏల ఈ రెండవది కావలెను? బయటినుండియే ఎక్కువ కిరణములు పంపరాదా? ఈ ప్రశ్న మేమే ఒక వైద్యుని అడిగితిమి. ఆయన కాగితము మీద బొమ్మ గీసి చూపెను. గర్భాశయ ముఖద్వారమునకు ముందు మూత్రాశయము, వెనుక మలాశయము, పైన ప్రేగులు ఆనుకొని యున్నవి. బయటి కిరణము వీనినన్నిటిని దాటియే పుండును చేరును. కిరణపు మోతాదును గ్రే అను కొలతతో లెక్కింతురు. బయటి చికిత్సలో సాధారణముగా 45 గ్రేలు 25 విడతలుగా ఇత్తురు. అంతకు చాల మించినచో ప్రేగులు ఓర్వవు. కాని పుండు పూర్తిగా చచ్చుటకు రెండు విధముల మోతాదును ఒకే కొలమానమునకు మార్చి కూడినపుడు 85 గ్రేలకు తగ్గరాదు. మిగిలిన లోటును భర్తీ చేయునది లోపలి చికిత్సయే. కిరణ మూలమును పుండు నడుమనే ఉంచినచో, దీపమునకు దగ్గరనున్నవానికి వెలుతురెక్కువ, దూరమునున్నవానికి తక్కువ అన్నట్లు, శక్తి వేగముగా తగ్గిపోవును. ఒక సెంటీమీటరు దూరమున నూరు పాళ్ళున్నది రెండు సెంటీమీటర్లకు 25 పాళ్ళు, మూడు సెంటీమీటర్లకు 11 పాళ్ళు అగును. పుండుకు పూర్తి ఏటు తగులును, ప్రక్కవాని కూర్చి జాగ్రత్త పడవచ్చును.

ఈ పద్ధతి నిన్న పుట్టినది కాదు. క్యూరీ దంపతులు 1898లో రేడియమును కనిపెట్టిరి; ఐదేండ్లకే, 1903లో, న్యూయార్కున మార్గరెట్ క్లీవ్స్ అను స్త్రీ వైద్యురాలు ఈ రోగమునకే రేడియమును వాడెను. తరువాత స్టాక్‌హోము, పారిసు, మాంచెస్టరు నగరముల వైద్యులు తమ తమ పద్ధతులు ఏర్పరచిరి. 1938లో మాంచెస్టరు వారు ఏ అను బిందువును నిర్ణయించిరి. ముఖద్వారమునుండి రెండు సెంటీమీటర్లు పైకి, రెండు సెంటీమీటర్లు ప్రక్కకు కొలిచి, ఆ చోట ఇంత మోతాదు పడవలెనని లెక్క కట్టిరి. ఆ లెక్క దశాబ్దముల పాటు ప్రపంచమునకు ఆధారమై నిలిచినది. దానిని తక్కువ చేయరాదు. అయినను అది అందరికి ఒకే కొలతతో కుట్టిన రవికె వంటిది. ఒకరి పుండు చిన్నది, ఒకరిది ప్రక్కకు పాకినది. ఒకరి మలాశయము దూరము, మరియొకరిది అంటుకొనియే యుండును. మామూలు ఎక్స్‌రే పటములో ఎముకలును లోహపు గొట్టములును కనబడునే గాని, పుండు కనబడదు.

2005, 2006 సంవత్సరములలో ఐరోపా వైద్య సంఘములు కొత్త మార్గము చూపినవి. గొట్టము లోపల నుండగానే ఎమ్మారై తీసి, మిగిలిన పుండు ఎంత మేర యున్నదో, ముఖద్వారమెంతయో, మూత్రాశయ మలాశయములు ఎచటనున్నవో ఒక్కొక్క పలకగా గీతలు గీసి, ఆ స్త్రీ కొలతకే మోతాదును మలచుట ఆ మార్గము. దీనినే బొమ్మల సహాయముతో నడుపు లోపలి చికిత్స అనుచున్నారు. పుండు మిక్కిలి పెద్దదైనచో గొట్టములతోపాటు సన్నని సూదులు కూడ గ్రుచ్చి, ఆ వైపునకు కిరణమును సాగదీయుదురు. ఎమ్మారై లేనిచోట సీటీ స్కానుతో చేయుదురు; గొట్టము గర్భాశయపు గోడను పొడువకుండ చూచుకొనుటకు అల్ట్రాసౌండును వాడుదురు.

ఫలితమేమని వ్యాపారి అడుగక మానడు. ఎమ్మారై ఆధారముతో చికిత్స పొందిన 1,341 మంది స్త్రీల లెక్కను ఎంబ్రేస్ అను పరిశోధనవారు 2021లో ప్రకటించిరి. ఐరోపా, ఆసియా, ఉత్తర అమెరికాల 24 ఆసుపత్రులు అందు పాల్గొన్నవి. మన ముంబయి టాటా స్మారక ఆసుపత్రియు వానిలో నొకటి. ఐదేండ్ల పిమ్మట 92 శాతము మందిలో ఆ చోట రోగము తిరిగి తలయెత్తలేదు. వేర్వేరు దశలవారు అందున్నారని గుర్తుంచుకొనవలెను. ఫ్రాన్సు దేశమువారు 2012లో ప్రకటించిన పరిశోధనలో, శస్త్రచికిత్స లేక కిరణములు, మందు మాత్రము పొందిన స్త్రీలలో తీవ్రమైన ఉపద్రవములు పాత పద్ధతిలో 22.7 శాతము, కొత్త పద్ధతిలో 2.6 శాతము. మూత్రాశయమునకో మలాశయమునకో చిల్లు పడిన స్త్రీ బ్రదుకు ఎట్లుండునో చూచినవారికి ఈ అంకెల బరువు తెలియును.

ఇక మన స్త్రీలు భయపడు ఘట్టమునకు వచ్చెదము. పూర్వము రేడియము గొట్టములను లోపల నుంచి రెండు మూడు దినములు కదలక పరుండబెట్టెడివారు. ఆ కథలు విన్న మన ముసలమ్మలు నేటికిని కోడండ్రను బెదిరించుచున్నారు. నేడట్లు లేదు. ఉదయము ఏమియు తినక రావలెను. వెన్నులో మత్తు ఇత్తురు, లేదా పూర్తిగా మత్తు ఇత్తురు. మూత్రమునకు రబ్బరు గొట్టము వేయుదురు. తరువాత ఒక సన్నని గొట్టమును గర్భాశయములోనికిని, ముఖద్వారమునకు చేరి ఉంగరము వంటిదియో రెండు గుండ్ల వంటివియో యోని మార్గమునను అమర్చి, కదలకుండ గాజు గుడ్డతో సర్దుదురు. ఈ దశలో లోపల కిరణములేవియు లేవు. అవి ఖాళీ గొట్టములు మాత్రమే. స్కాను తీసి, లెక్కలు కట్టుటకు కొన్ని గంటలు పట్టును. నిజము చెప్పవలెనన్న ఆ గంటలే కష్టము. కాళ్ళు చాపి కదలక యుండవలెను, నడుము పీకును. నొప్పి కలిగినచో ఓర్చుకొని పండ్లు కొరుకక నర్సును పిలిచి చెప్పవలెను, మందు ఇత్తురు.

తరువాత దళసరి గోడల గదిలోనికి తీసికొనిపోయి ఆ గొట్టములను యంత్రమునకు తగిలింతురు. యంత్రములోని కిరణ మూలము బియ్యపు గింజకంటె పెద్దది కాదు. అది ఇరిడియము, కొన్నిచోట్ల కోబాల్టు. తీగ కొసన ఆ గింజ గొట్టములోనికి పోయి, లెక్క ప్రకారము ఒక్కొక్క చోట కొన్ని క్షణములు నిలిచి, తిరిగి ఇనుప పెట్టెలోనికి వచ్చును. సాధారణముగా పావుగంట, అటునిటు. ఆ సమయమున గదిలో రోగి తప్ప ఎవ్వరు నుండరు. కాని కెమెరాలో చూచుచునే యుందురు, పిలిచిన పలుకుదురు. గొట్టములు తీసివేసిన పిమ్మట ఆమె ఒంటిలో కిరణములేవియు మిగులవు. ఇంటికి పోయి మనుమని ఒడిలో కూర్చుండబెట్టుకొనవచ్చును, వంట చేయవచ్చును. ఈ మాట మేము ముమ్మారు చెప్పుచున్నాము. ఏలనన, చికిత్స చేసికొని వచ్చిన ఒక తల్లిని వేరు గదిలో వేరు కంచముతో ఉంచిన ఇంటిని ఎరుగుదుము. ఇట్టి విడతలు ఆసుపత్రిని బట్టి మూడు నాలుగు ఉండును.

ఇన్ని చెప్పుటకు కారణము ఒక దుఃఖకరమైన సంగతి. మన పేటలోని ఒక బీడీ కార్మికురాలు, నలుబది యేడేండ్ల ఆమె, వేరొక ఊరి ఆసుపత్రిలో బయటి చికిత్స 25 విడతలును చేసికొన్నది. ఆ ఆసుపత్రిలో లోపలి చికిత్స యంత్రము లేదు. మరియొక చోటికి పోవలెనని కాగితము మీద ఇంగ్లీషులో వ్రాసి ఇచ్చిరి. నోటితో చెప్పిరో లేదో, చెప్పినను మరాఠీలో ఎంత త్వరగా చెప్పిరో తెలియదు. ఆమెకు వినబడినది ఒక్కటే మాట, పూర్తి అయినదని. రక్తము ఆగినది, ఆకలి పుట్టినది. కాగితమును పసుపు కుంకుమల పెట్టె అడుగున భద్రపరచి మరల బీడీలు చుట్టుటకు కూర్చున్నది. నాలుగు నెలలకు రక్తము తిరిగి వచ్చినప్పుడు ఆ కాగితము మా చేతికి వచ్చినది. “అంత అయిపోయిందన్నరు గదా అన్నా, మళ్ల ఏం మిగిలింది?” అని ఆమె మమ్ము అడిగినది. ముంబయికి తీసికొనిపోతిమి. వైద్యులు పటము చూచి, సమయము దాటినదని మెల్లగా చెప్పిరి. ఆ ఏడు దీపావళి ఆమె చూడలేదు.

బయటి చికిత్సతో రక్తము ఆగుటయే ఇచ్చట మోసము చేయుచున్నది. పుండు కుంచించును, చావదు. చికిత్స అంతయు, బయటిదియు లోపలిదియు కలిపి, ఎనిమిది వారములలో ముగియవలెనని వైద్యుల నియమము. అది మించిన ప్రతి దినమునకు రోగమును అదుపుచేయు అవకాశము సుమారు అర శాతము మొదలు ఒక శాతము వరకు తగ్గునని పరిశోధనలు చెప్పుచున్నవి. వ్యాపారస్థులకు వేరుగా చెప్పనేల? నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకే గుండెలు బాదుకొను మనము, దినమునకు నూటికొకటి చొప్పున ప్రాణము తరుగుచుండ పెండ్లి ముహూర్తమనియు, పండుగయనియు, కార్ఖానా సెలవు దొరకలేదనియు వాయిదాలు వేయుచున్నాము.

ఇది బీదలకే, మన దేశమునకే కలిగిన లోపము కాదు. అమెరికాలో ఈ రోగమునకు లోపలి చికిత్స పొందిన స్త్రీలు 1988లో 83 శాతముండగా 2009 నాటికి 58 శాతమునకు తగ్గిరి. అచటి ఏడు వేలకు పైగా స్త్రీల లెక్క తీయగా, నాలుగేండ్లకు ఈ రోగమున చావక నిలిచినవారు లోపలి చికిత్స పొందినవారిలో 64 శాతము, పొందనివారిలో 51.5 శాతము. కొత్త కొత్త బయటి యంత్రములు వచ్చిన కొలది, ఇది అక్కరలేదను భ్రమ అచట కొందరికి కలిగినది. కావున ఎంత ఖరీదైన ఆసుపత్రివారైనను, మా పెద్ద యంత్రముతోనే సరిపెట్టెదమనినచో, లోపలి చికిత్స మాట ఏమని మర్యాదగా అడుగవలెను. అడుగుట అమర్యాద కాదు. ఇరువది రూపాయల టవలు కొనునప్పుడు నాలుగు మార్లు మడత విప్పి చూచు జాతి మనది.

భాష సంగతి ఇచట చెప్పకున్న ఈ సంఘమెందుకు? మనము తరతరములుగా ఈ నేలమీద బ్రతుకుచున్నాము. మన మగవారికి మరాఠీ, హిందీ అంగడి మేరకు బాగుగనే వచ్చును. కాని తొమ్మిదేండ్ల ప్రాయమునుండి బీడీల చేట ముందు కూర్చున్న స్త్రీకి ఇంటి తెలుగు తప్ప వేరేమి వచ్చును? ఒంటిలో ఎచట నొప్పియో, ఎచట మంటయో, చిన్ననాటినుండి చెప్పుకొన్న మాటలలోనే చెప్పగలదు. తోడు వచ్చినది కొడుకైనచో ఆ మాటలు నోటికి రావు. వైద్యుడు అడుగును, కొడుకు తలవంచుకొని అనువదించును, తల్లి “ఏమి లేదు నాయనా” అనును. మూడు నోళ్ళు కదలును, సంగతి ఒక్కటియు చేరదు. అంగీకార పత్రము మీద వ్రేలిముద్ర మాత్రము పడును. ఇదే కష్టము బెంగుళూరు, కటకము, చెన్నపట్టణము ఆసుపత్రులలోని మన తెలుగు స్త్రీలకును ఉండునని ఊహింపవచ్చును.

చికిత్స పిదపటి సంగతులు మరింత మాటుపడుచున్నవి. కిరణములచే యోని మార్గము బిగుసుకొనవచ్చును. దానిని నివారించుటకు వైద్యులు ఒక సాధనము ఇచ్చి వాడు విధము చెప్పుదురు. మన స్త్రీలు సిగ్గుచే దానిని ఆసుపత్రిలోనే వదలి వచ్చుచున్నారు. అది సరసమునకు సంబంధించినది మాత్రమే కాదు. తరువాత వైద్యురాలు పరీక్షించి రోగము తిరిగి వచ్చెనా లేదా అని చూచుటకును అవసరము. ముట్లు నిలిచిపోవును. కొందరికి విరేచనములు, మూత్రపు మంట కొన్నాళ్ళుండును. మలములోగాని మూత్రములోగాని రక్తము కనబడినచో, ఏడాది రెండేండ్ల పిమ్మటనైనను, చికిత్స చేసిన చోటికే పోయి చెప్పవలెను. భర్తలకు మా మనవి: ఈ రోగము చికిత్స పొందిన భార్యనుండి భర్తకు క్యాన్సరు అంటదు. మొదటి నెలలలో ఓపిక పట్టుడు. పిమ్మట ఆమెను అంటరానిదానిగా చూడకుడు.

ఖర్చుల విషయము. ఆయుష్మాన్ భారత్ పథకము 2018లో మొదలైనది. అర్హతగల కుటుంబమునకు ఏడాదికి ఐదు లక్షల రూపాయల వరకు చికిత్స కలదు. మన రాష్ట్రమున మహాత్మా జ్యోతిరావు ఫులే పథకము కలదు. రేషను కార్డు, ఆధారు కార్డులలో పేరు ఒకే తీరున ఉన్నదా అని ముందే చూచుకొనుడు. ఒకదానిలో ఇంటిపేరు ముందు, మరియొకదానిలో వెనుక ఉండుటచే మూడు దినములు పోయిన కుటుంబమును మేము చూచితిమి. రైల్వేవారు చికిత్సకు పోవు క్యాన్సరు రోగికి స్లీపరు తరగతిలో పూర్తి రాయితీ ఇచ్చుచున్నారు, తోడు పోవువారికి ముప్పాతిక భాగము. దానికి ఆసుపత్రివారి ధ్రువపత్రము కావలెను. మొదటి ప్రయాణముననే అడిగి తెచ్చుకొనుడు. రక్తము తక్కువైనచో కిరణ చికిత్స బాగుగ పనిచేయదని వైద్యులందురు. కావున రక్తము ఎక్కించవలసి వచ్చును. మన యువకులు గణపతి ఉత్సవమునకు చూపు ఉత్సాహములో నాల్గవ వంతు రక్తదానమునకు చూపిన చాలును.

కార్యవర్గము నిన్న రాత్రి కూర్చుండి మూడు పనులు నిశ్చయించినది. తెలుగును, మరాఠీ లేక హిందీని చక్కగా మాటలాడు స్త్రీలు, ముప్పది యేండ్లు దాటినవారు, పన్నెండుగురు కావలెను. వారు ఇద్దరిద్దరు చొప్పున రోగులకు తోడు పోవుదురు. రైలు ఖర్చు, భోజనము సంఘము భరించును. పరేలు, వర్లి ప్రాంతములలో తరతరములుగా నున్న మన తెలుగువారికి జాబులు వ్రాసితిమి. ఆసుపత్రికి నడిచి పోగల దూరమున ఒక గది అద్దెకు చూచెదమని ఇద్దరు మాట ఇచ్చిరి. మూడవది, ప్రతి రోగి పేరున ఒక చిన్న పుస్తకము. బయటి చికిత్స మొదలైన తేదీ, ముగియవలసిన తేదీ, లోపలి విడతలు ఎన్ని, ఏ ఆసుపత్రిలో, ఎనిమిదవ వారము ఏనాటితో నిండును, ఇవన్నియు పెద్ద తెలుగు అక్షరములలో అందు వ్రాయబడును. బాకీల చిట్టా చూచినట్లు ప్రతి సోమవారము మా గుమాస్తా దానిని చూచి, తేదీ దగ్గర పడినవారి ఇంటికి మనిషిని పంపును.

పేర్లు ఇచ్చువారు సభ ముగిసిన పిమ్మట ద్వారము దగ్గరి బల్లపై నున్న పుస్తకములో వ్రాయవలెను. వ్రాయుట రానివారు మా వదినగారితో చెప్పినచో ఆమె వ్రాసికొనును. ఇంట్లో రోగులున్నవారు పుస్తకములో వ్రాయనక్కరలేదు. ఆమె చెవిలో చెప్పిన చాలును, ఆ పేరు మా ఇద్దరిని దాటి పోదు.